మిషను వెనక తడిగుడ్డ

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి కనిపెట్టడానికి మా ఆయనకు పెళ్లయ్యాక కొన్నాళ్లు పట్టింది గానీ, మా వదిన గడపలో అడుగుపెట్టిన పూటే కనిపెట్టేసింది. అందుకే కాబోలు, ఇంట్లో ఆవిడ అడుగుల చప్పుడు కూడా వినపడేది కాదు.

వదినంటే మా ఆయన అక్క. పెళ్లి చేసుకోలేదు. బట్టలు కుట్టే దుకాణంలో కాజాలు కుడుతూ, ఒక అద్దెగదిలో ఒంటరిగా బతికింది. చూపు మందగించి పని మానేసింది. ఆ తర్వాత గది కూడా ఖాళీ చెయ్యమన్నారు. మా ఆయన వెళ్లి తీసుకొచ్చాడు.

మాది మేడమీద చిన్న వాటా. వెనక గదిలో బట్టలుతికే మిషను ఉంటుంది. దాన్ని గోడకు ఆనేదాకా వెనక్కి నెట్టి, మిగిలిన జాగాలో ఆవిడకు మంచం వేశాం. పట్టీ పట్టనట్టు పట్టింది.

"నాకిది చాలు. మీకేం ఇబ్బంది లేదు కదా?" అని వదిన పదిసార్లు అడిగింది.

ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. ఏం వండినా బాగుందనేది. ఇంట్లో ప్రతిదీ ఆవిడకు 'మీదే': మీ గిన్నె, మీ కుర్చీ, మీ కుళాయి. నాలాంటి కోపిష్టిదానికి అలాంటి మనిషితో వేగడం ఎంత కష్టమో చెప్పలేను. అవతలివాళ్లు తిరిగి ఒక్క మాటంటే కదా మనకు కాస్త ఊపొచ్చేది!

రోజూ పొద్దున్నే డాబా పిట్టగోడ మీద ఒక గుడ్డముక్క ఆరుతుండేది. పాత దుప్పటి చింపి, అంచులు కాజా కుట్టుతో నీటుగా కుట్టిన ముక్క. ఎంత పిండినా ఇంకా నీళ్లోడుతూనే ఉండేది.

"ఏంటి వదినా ఆ గుడ్డ? రోజూ తడుస్తోంది?" అన్నాను ఒకసారి.

"ఏం లేదమ్మాయ్. చెయ్యి తుడుచుకునేది" అని గబగబా లోపలికి వెళ్లిపోయింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టనిపించింది నాకు. మా ఆయనతో అన్నాను: "మీ అక్క పడుకున్నాక ఏడుస్తోందేమో చూడండి."

"అంత ఏడిస్తే ఈపాటికి మంచం తేలిపోయి వీధిలోకి వచ్చేది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంతలో వదినతో కలిసి కాజాలు కుట్టిన స్నేహితురాలు కాలు విరగ్గొట్టుకుంది. కొన్నాళ్లు తోడు ఉండమని కబురు పెట్టింది. వదిన వెళ్లనంటుంది. ఇల్లు వదిలి ఎలా వెళ్లనంటుంది.

"నువ్వు రాకముందు ఈ ఇల్లు లేదా వదినా? వెళ్లిరా" అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ కొంచెం ఊపిరాడుతుందనిపించింది.

గుమ్మం దాటబోతూ ఆగింది. "వెనక గదిలో నేల... అప్పుడప్పుడూ ఓసారి చూస్తుండమ్మాయ్."

"ఏం, నేలేమన్నా పారిపోతుందా?"

వదిన ఏదో చెప్పబోయి, నా మొహం చూసి మానేసింది.

నేను చూడలేదు. మిషను వేసే పని పడక ఆ గది తలుపే తియ్యలేదు. చూసింది కింద వాటాలో పటాలు కట్టే ఆయన. ఒక మిట్టమధ్యాహ్నం పైకొచ్చి, "అమ్మా, బయట ఎండ మండిపోతోంది, మా దుకాణంలో మాత్రం వాన పడుతోంది. ఓసారి వస్తారా?" అన్నాడు. వెళ్లి చూద్దును కదా, కప్పు మీద ఇంత పొడుగు మరక. దాని చివర నుంచి చుక్క మీద చుక్క. కింద పేర్చిన పటాల అట్టలు ఉబ్బిపోయాయి. ఆయన అరిచినా బాగుండేది. మెల్లగా అట్టలు విడదీస్తూ కూర్చున్నాడు.

పరుగున పైకొచ్చి వెనక గది తలుపు తీశాను. మంచం కింద నీళ్లు. గోడ అడుగున సున్నం పెచ్చులుగా లేచిపోయింది. మా ఆయన మంచం ఎత్తి నిలబెట్టి, మిషను ముందుకు లాగాడు. దాని వెనక, ఓ మూల చెయ్యి దూరేంత సందులో, కుళాయి నుంచి మిషనుకు నీళ్లొచ్చే పైపుకు, చుట్టూ గట్టిగా కట్టి ఉంది ఆ కాజా కుట్టు గుడ్డ. కింద గిన్నె. గిన్నె నిండి ఎప్పుడో పొర్లిపోయింది. కుళాయి కడదామంటే తిరగలేదు. డాబా మీదికి పోయి ట్యాంకు దగ్గరే నీళ్లు ఆపాల్సి వచ్చింది.

తడిగుడ్డతో గొంతు కోయడమని అంటారు కదా, అది కళ్లారా చూశాననుకున్నాను. తెలుసు! ఆవిడకు అంతా తెలిసే దాచింది. రానీ, ఆ నోట్లో నాలుక ఎలా పుట్టదో చూస్తానని ఆ రోజంతా మాటలు నూరుకుంటూ ఉన్నాను.

ప్లంబరు వచ్చి పైపు విప్పి చూపించాడు. మిషనుకు గోడకు మధ్య నలిగి, మెడ దగ్గర మడతపడి, ఆ మడతలో చీలింది.

"గోడకిలా ఆనించెయ్యకూడదమ్మా. జానెడు ఎడం ఉండాలి. ఆ గుడ్డ లేకపోతే మీకు మొదట్లోనే తెలిసిపోయేది."

"మరి రోజూ మిషను వెయ్యం కదయ్యా? వెయ్యనప్పుడు కూడా కారుతుందా?"

"కుళాయి తెరిచున్నంతసేపూ పైపులో నీళ్లు తోస్తూనే ఉంటాయి. ఉతకడం అవగానే కుళాయి కట్టెయ్యాలి. మీరు దీన్ని ముట్టుకున్నట్టే లేదు, బిగుసుకుపోయింది."

పైపూ కుళాయీ రెండూ మార్చి, జానెడు ఎడం వదిలి మిషను పెట్టి వెళ్లాడు. నిలబెట్టిన మంచం అలాగే నిలబడి ఉంది. మా ఆయన దాని వంక చూస్తూ ఉండిపోయాడు. నేను పట్టించుకోలేదు, నా కోపం నాది.

మా ఆయన ఫోను చేస్తే వదిన మర్నాడే వచ్చేసింది. సంచి చేతిలోంచి దించలేదు. చెప్పులు విడవలేదు. గుమ్మం అవతలే నిలబడింది.

"ఎప్పట్నుంచి కారుతోంది?" అన్నాను.

"నేనొచ్చిన మర్నాటి నుంచి."

"అప్పట్నుంచీ గుడ్డలు పిండుకుంటూ కూర్చున్నావా? కిందాయన సరుకు పాడైపోయింది. గోడ నానిపోయింది. ఒక్క మాట, ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది వదినా?"

"కుళాయి కట్టబోయాను, తిరగలేదు. విరిగిపోతుందేమోనని భయమేసింది."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

వదిన నా వైపు చూడలేదు. వెనక గదిలో నిలబెట్టిన మంచం వైపు చూసింది.

"చెప్తే మిషను ముందుకి జరుపుతారు కదమ్మాయ్. జరిపితే మంచం పట్టదు. మంచం పట్టకపోతే నేనెక్కడికి పోతాను?"

నూరుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. ఆవిడ ఏడుస్తోందేమోనని మేం నవ్వుకున్న ఆ గుడ్డను ఆవిడ రోజూ పిండి, ఆరేసి, మళ్లీ కట్టింది, ఆ మంచం పట్టే జాగా కోసం. చుక్క నీరు బయటికొస్తే తననీ బయటికి పంపుతామనుకుంది. అలా అనుకునేలా ఉన్నాం మేం.

సంచి లాక్కున్నాను. "ముందు లోపలికి రా" అని అరిచాను. నాకు ఏడుపొచ్చినా అరుపే వస్తుంది.

ముందుగదిలో కిటికీ పక్కన నా అద్దాల బీరువా ఉండేది. దాన్ని ముట్టుకుంటే మా ఆయన్నైనా క్షమించేదాన్ని కాదు. ఆ సాయంత్రమే దాన్ని కిందికి దింపించి, తడిసిన అట్టలకు బదులుగా పటాలాయనకు ఇచ్చేశాను. ఆ జాగాలో వదిన మంచం వేశాం. ఇటు జానెడు, అటు జానెడు ఎడం కూడా మిగిలింది.

ఆ తర్వాత కూడా వదిన పెద్దగా మారలేదు. ఉతకడం అవగానే వెళ్లి కుళాయి కట్టేది, 'మీ కుళాయి కట్టేశాను' అనేది. మాటలతో పోయే భయం కాదది, నాకు తెలుస్తూనే ఉంది.

మొన్న ఒక సెలవు పూట నేను తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. మా ఆయన పేపరు చదువుతున్నాడు. వంటింట్లోంచి ఎన్నడూ వినని గొంతు.

"అమ్మాయ్! ఈ సింకు కింద చుక్కలు పడుతున్నాయి, ఎవరికీ కళ్లు లేవా? ఒరే తమ్ముడూ, ఆ పేపరు అవతల పారేసి ప్లంబర్ని పిలువు! మనిల్లు నీళ్లపాలయ్యాక చదువుకుందువు గాని!"

ఆ కేక కింద పటాలాయనకు కూడా వినపడే ఉంటుంది. మా ఆయనా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

"వస్తున్నా వదినా" అని తడిజుట్టుతోనే పరిగెత్తాను.