పిన్ని చెప్పిన బేరింగు

బజారంతా ఆమెను పాముచెవుల పిన్ని అనేది. మోటార్‌సైకిళ్ళ షెడ్డు మొగుడు మేస్త్రిదే అయినా, ఇంజిన్‌కు రోగమేమిటో తేల్చేది ఆమె. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి అదిమిపెట్టి, "బేరింగ్" అనో "క్యామ్" అనో ఒక్క ముక్క అనేది. మేస్త్రి విప్పి చూస్తే సరిగ్గా అదే అయ్యేది.

ఇదంతా పెళ్ళయిన కొత్తల్లో మొదలైంది. ఒక బండి టాపెట్లు మళ్ళీ మళ్ళీ సరిచేసినా మోత పోక మేస్త్రి తల పట్టుకుని కూర్చుంటే, అన్నం క్యారియర్ తెచ్చిన కొత్త పెళ్ళాం, "లోపలెవరో పళ్ళు నూరుతున్నట్టుందేంటి?" అంది. మేస్త్రి నవ్వి కొట్టిపారేశాడు. తీరా విప్పితే క్యామ్‌షాఫ్ట్ బేరింగ్ అరిగిపోయి ఉంది. మర్నాడే తన పక్కన ఆమెకో స్టూలు వేశాడు. అప్పట్నించి ఆ స్టూలు ఖాళీగా ఉంటే ఆయనకు పని సాగేది కాదు.

ఇవాళ కొరియర్ అతని బండి వచ్చింది. టక్ టక్ మంటోంది. పిన్ని ఎప్పటిలాగే విని, "బేరింగ్" అంది.

మేస్త్రి పైమూత తీసి, గుర్తులు కలిపి, గొలుసు లోపలికి జారకుండా తీగతో కట్టి, క్యామ్‌షాఫ్ట్ బయటికి లాగాడు. గతుక్కుమన్నాడు. రెండు కొసల్లోని బేరింగులూ నిక్షేపంగా ఉన్నాయి. వాల్వుల్ని తెరిచే క్యామ్ ఉబ్బు మాత్రం ఎలుక కొరికినట్టు గుంటలు పడింది. పిన్ని పప్పులో కాలేసింది.

ఆమె చెవులు మందగించాయని ఆయనకు కొన్నాళ్ళుగా అనుమానమే. ఈ కొరియర్ మహానుభావుడికి తెలిస్తే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అభిమానం గల మనిషి, ఇక స్టూలెక్కదు. ఆమె లేని షెడ్డును తలుచుకుంటేనే ఆయనకు భయమేసింది.

"బేరింగే," అన్నాడు మేస్త్రి. "అది ఆడి ఆడి క్యామ్‌ని కూడా తినేసింది. రెండూ మార్చేద్దాం."

"పిన్ని చెప్పాక తిరుగేముంది బాబాయ్!" అన్నాడు కొరియర్ అతను.

మేస్త్రి కొత్త క్యామ్‌షాఫ్టుల్లో మంచిది చూసి, ఉబ్బు మీద గోరు లాగి నునుపు పరీక్షించి, కొత్త బేరింగులతో బిగించాడు. టాపెట్ సందులో కొలత రేకు పెట్టి సరిచూశాడు. బండి మెత్తగా పలికింది. కొరియర్ అతను సంతోషంగా వెళ్ళిపోయాడు.

పిన్ని ట్రేలోంచి పాత బేరింగ్ తీసి, పెట్రోలులో కడిగి, వేలికి తొడిగి తిప్పింది. వేలికి చెవుడు రాదు కదా! ఎక్కడా చిన్న గరుకైనా తగల్లేదు.

"ఏమయ్యా, ఇది బంగారంలా ఉందే!"

మేస్త్రి వంగి పానాలు సర్దసాగాడు.

"వినపడట్లేదని నాకు తెలుసులే. నీకెప్పుడు తెలిసింది?"

"కుక్కర్ కూతలన్నీ కూసి, అన్నం మాడి బొగ్గయిన రోజు," అన్నాడాయన గొంతు పెంచి.

పిన్ని ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "చెప్తే స్టూలు తీసేస్తావనుకున్నా."

"తీసేసి నన్నెక్కడికి పొమ్మంటావే?"

ఆమె బేరింగును ట్రేలో పెట్టేసింది. "ఇంజిన్ల సంగతి వదిలెయ్. పడుకోబోయే ముందు పక్కన చేరి మెల్లిగా ఏవేవో చెప్తుంటావు చూడు, ఈ మధ్య అందులో ఒక్క ముక్కా అందట్లేదయ్యా. ఊరికే ఊ కొడుతున్నా."

మేస్త్రి చేతిలో పానా కింద పెట్టేశాడు. పగలంతా నోట్లో నాలుక లేనట్టుండే మనిషాయన. దాచుకున్న కబుర్లన్నీ ఆమెకే చెప్పేవాడు. తన మోకాళ్ళ నొప్పుల గురించీ, పోయిన అన్న కలలోకి రావడం గురించీ, ఆమె కంటే ముందు తనే పోతే బాగుండునన్న మాటా చెప్పాడు. అన్నింటికీ ఆమె ఊ కొట్టింది. ఆ చివరి మాటకు కూడా ఊ అనేసిందేమిటని ఆ రాత్రంతా ఆయనకు నిద్రపట్టలేదు.

షెడ్డు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఆమె పక్కకు తన స్టూలు జరుపుకుని కూర్చుని, చెవికి నోరు ఆనించి, "మోకాళ్ళ దగ్గర్నించి మొదలుపెట్టనా?" అన్నాడు.