కుదుళ్ళతో పీకిన మేక వెంట్రుకలు

కెంచార్లహళ్ళిలో ఆ రోజు, ఫారెస్టువాళ్ళ మనిషని, రంజితకు మంచినీళ్ళు ఇచ్చే గడప ఒక్కటీ దొరకలేదు. చివరికి లక్ష్మీదేవమ్మ గుమ్మం ముందు నిలబడింది. లక్ష్మీదేవమ్మ చేతిలోని చీపురు దించలేదు.

అడవి జంతువుల కేసుల్లో పట్టుబడిన మాంసం దేనిదో డీఎన్‌ఏతో తేల్చడం రంజిత ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఇరవై రోజుల కిందట ఫారెస్టువాళ్ళు లక్ష్మీదేవమ్మ పొయ్యి మీది కూర ఎత్తుకుపోయి, అది జింక కూర అని రాసుకుని, కొడుకు అమరేష్‌ను జైల్లో పెట్టారు. పక్కింటి మునికృష్ణప్పే చాడీ చెప్పాడని వీధంతటికీ తెలుసు. ఆ కూర ఇప్పుడు రంజిత ల్యాబులో ఉంది. గిన్నె కూడా అక్కడే ఉందని లక్ష్మీదేవమ్మకు ఇంకో మంట.

"చింతామణి సంతలో కొన్న మేకమాంసమని నా కొడుకు మొత్తుకుంటాండాడు గదా! జింక యాడిది?"

"అదే తేల్చాలమ్మా. పోల్చేదానికి ఈ ఊరి మేకల వెంట్రుకలు కావాల. కుదుళ్ళతో పీకాల."

"మా ఇంట్లో మేకల్లేవు. ఉండేది నా జుట్టే. పీక్కుంటావా?"

అన్నాక ఆమెకు ఏదో తట్టింది. చీపురు గోడకు ఆనించి, రంజితను నేరుగా మునికృష్ణప్ప మేకల కొట్టానికి తీసుకుపోయింది.

"నా మేకలేం పాపం చేసినాయి?" అని మునికృష్ణప్ప అడ్డం నిలబడ్డాడు. "పోయిన నెల మేకపిల్లను చిరుత ఎత్తకపోయిందని నేను ఏడుస్తాంటే!"

"సర్కారు పనప్పా. అడ్డమొస్తే నిన్నూ తీసకపోతారు. జైల్లో మావాడికి తోడు లేదంట."

అది అబద్ధమని రంజిత అనబోయింది. లక్ష్మీదేవమ్మ చూపు చూసి ఊరుకుంది. మేకలు ఒకదాని తర్వాత ఒకటి అరిచాయి. మునికృష్ణప్ప మీసాలే పీకుతున్నట్టుగా లక్ష్మీదేవమ్మ తృప్తిగా చూసింది.

నెల తిరిగేసరికి, ల్యాబు రిపోర్టుతో అమరేష్ విడుదలై ఇంటికొచ్చాడు. ఆ వారమే రంజిత ఆ కాగితాలతో వచ్చింది. ఈసారి లక్ష్మీదేవమ్మ అరుగు మీద చాప వేసి, చేతికి కాఫీ ఇచ్చి, వీధినంతా పిలిచింది. మునికృష్ణప్పను రెండుసార్లు పిలిచింది.

"చదువమ్మా. గట్టిగా చదువు, ఆయప్పకు చెవుడు."

"జింక కాదు, మేకే."

"ఇన్నారా! జింకంట, జింక!" లక్ష్మీదేవమ్మ గొంతు వీధి చివరిదాకా పోయింది. మునికృష్ణప్ప నేల చూపులు చూశాడు. అంతటితో రంజిత లేచి ఉంటే బాగుండేది. కానీ ఆమెకు తన ప్రాజెక్టంటే ప్రాణం.

"ఇంకొకటి కూడా తేలిందమ్మా! మా ల్యాబు మేడమ్ అదే మెచ్చుకున్యారు. ఆ కూరలోని మేక తల్లి ఈ ఊర్లోనే ఉండాది. మూడో నంబరు."

"మూడో నంబరంటే ఏది?" మునికృష్ణప్పకు చెవులు బాగానే వినిపించాయి.

"మీ కొట్టంలోదే అప్పా, కొమ్ము ఇరిగిన మేక. చిరుత ఎత్తకపోయిందంటిరే ఆ పిల్ల, దాని తల్లి."

లక్ష్మీదేవమ్మ కొడుకు వైపు తిరిగింది. అమరేష్ చెప్పుల కోసం వెతుకుతున్నాడు. అవి గుమ్మం బయట, మునికృష్ణప్ప కాళ్ళ దగ్గరున్నాయి.

"చిరుత దొరికింది గదా లక్ష్మీదేవమ్మా," అన్నాడు మునికృష్ణప్ప.

లక్ష్మీదేవమ్మ రంజిత చేతిలోంచి సగం తాగిన కాఫీ లోటా లాక్కుని లోపలికి పోయింది.