మిషను సొరుగులో అట్ట

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. టైలరమ్మ ఆడబిడ్డ మాత్రం అర్ధంతో సరిపెట్టుకునే రకం కాదు. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి తానే పెంచింది, బస్సు డ్రైవరు ఉద్యోగం తానే వేయించింది, వాడు కుట్టుపని చేసుకునే పిల్లను చేసుకుంటానంటే మూతి ముడుచుకుంటూనే పెళ్ళి కూడా తానే చేసింది. పైగా వీధి చివరున్న బడికి హెడ్మిస్ట్రెస్. ఇంట్లో పెద్దరికం, వీధిలో పెత్తనం ఒక్కరి చేతిలోనే ఉంటే ఆ ఇంటి కోడలు ఎలా బతకాలో వేరే చెప్పనక్కర్లేదు. ఎనిమిదేళ్ళు నోరు కుట్టుకుని బతికింది. కూతురి మెడలో అట్ట చూసిన రోజు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

కూతుర్ని అందరూ బొత్తాం అనేవాళ్ళు. పాకే వయసులో కోటు బొత్తాం ఒకటి మింగి రెండు రోజులు ఇంటిల్లిపాదినీ హడలగొట్టినందుకు తండ్రి పెట్టిన ముద్దుపేరది. అప్పుడు ఒకటో తరగతి చదువుతోంది. ఆ మధ్యాహ్నం బడి వదిలాక రోజూలా పరిగెత్తుకు రాలేదు. ఛాతీ ముందుకు పెట్టి, చేతులూపుకుంటూ, వీధి మధ్యలో ఠీవిగా నడిచి వచ్చింది. మెడలో ఎర్ర దారంతో కట్టిన అట్టముక్క. మందుల షాపతను చూసి నవ్వాడు. సైకిళ్ళు బాగుచేసేవాడు చేతిలో పని ఆపి మరీ నవ్వాడు. పిల్ల వాళ్ళిద్దరికీ చెయ్యూపింది.

"అమ్మా, అత్త నాకు బహుమతి ఇచ్చింది! క్లాసులో ఇంకెవ్వరికీ ఇవ్వలేదు. ఇంటిదాకా తియ్యొద్దంది."

అట్ట మీద నల్ల సిరాతో, హెడ్మిస్ట్రెస్ గారి గుండ్రటి అక్షరాల్లో, 'నాకు చదవడం రాదు' అని ఉంది.

ఏం రాసి ఉందో పిల్లకి తెలీదు. తెలిస్తే ఆ అట్టతో పనేముంది? వీధి వీధంతా చదివిన మాటని ఒక్క ఆ పిల్లే చదవలేక, దాన్ని మోసుకుంటూ నవ్వుతూ వచ్చింది. టైలరమ్మకి వెళ్ళి వదిన జుట్టు పట్టుకుందామనిపించింది. కానీ పిల్ల మొహంలోకి చూసి, "బావుందే. బహుమతే. నేను దాస్తాగా," అంది. దారం విప్పి, అట్టని కుట్టుమిషను సొరుగులో బాబిన్ల కింద పెట్టింది.

సాయంత్రం మొగుడు డ్యూటీ దిగి వచ్చాక చూపించింది.

"అక్క మంచికే చేసుంటుందే. కాస్త సిగ్గొస్తే చదువుతుందని."

"సిగ్గు రావాలన్నా ముందు చదవడం రావాలి కదండీ! దానికి రాలేదు, మీకూ రావట్లేదు. ఆ సిగ్గేదో నాకే వచ్చింది."

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? నేను మాట్లాడతాలే."

మాట్లాడాడు పాపం. అక్క ఇచ్చిన టీ తాగి, పిల్లని ఇంకో ఏడాది ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టడానికి ఒప్పుకుని వచ్చాడు. మర్నాడు టైలరమ్మ తానే బడికి వెళ్ళి పిల్ల పేరు తీయించేసింది. ఇంట్లోనే చదివించుకుంటానంది.

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కత్తెర పట్టినంత తేలిక కాదమ్మా చదువు చెప్పడం. సరే, నీ ఇష్టం. ఏడాది తిరిగాక పరీక్షకి మాత్రం ఈ గదికే రావాలి. విద్యాశాఖ ఆఫీసరు గారూ ఉంటారు, నేనూ ఉంటాను. తప్పిందో, మళ్ళీ ఇదే క్లాసు, ఇదే బెంచీ."

"వస్తాం వదినా," అంది టైలరమ్మ. అట్ట కూడా తెస్తానని మనసులో అనుకుంది. ఆ అట్టని తన కూతురే, ఆ గదిలోనే, ఆఫీసరు ముందు గట్టిగా చదవాలి. రాసిన చెయ్యి ఎవరిదో కూడా దాని నోటితోనే చెప్పాలి. ఆ రోజు వదిన మొహం ఎలా ఉంటుందో తలుచుకుంటూ ఇంటికి వచ్చింది. చాలాకాలం తర్వాత ఆకలేసింది.

పాఠాలు మొదలుపెట్టిన మూడో రోజే అసలు సంగతి బయటపడింది. బొత్తాం ఒకటో తరగతి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి గడగడా చదివేస్తోంది. కళ్ళు మాత్రం కిటికీ బయట సైకిళ్ళ మీదున్నాయి. పుస్తకం తలకిందులుగా ఉంది. అరవైమందితో కలిసి ఏడాదంతా అరిచి అరిచి పుస్తకం మొత్తం నోటికొచ్చేసింది, ఒక్క అక్షరమూ కంటికి రాలేదు. ఇంత పెద్ద హెడ్మిస్ట్రెస్ ఈ మాత్రం కనిపెట్టలేకపోయిందా అని టైలరమ్మ నవ్వుకుంది. ఆ నవ్వులో సంతోషం కంటే కసే ఎక్కువ.

మందపాటి గుడ్డముక్క ఒకటి తీసుకుని మధ్యలో వెడల్పుగా కాజా కుట్టింది. దాన్ని పేజీ మీద పెట్టి జరుపుతూ పోతే కాజాలోంచి ఒక్క అక్షరమే కనిపిస్తుంది. ముందేముందో వెనకేముందో తెలీదు కాబట్టి బట్టీ పనిచెయ్యదు. ఒత్తులున్నవాటికి ఆ కాజా చాలక ఇంకోటి పొడుగ్గా కుట్టింది. పిల్ల కింద కూర్చుని కాజా జరుపుకుంటూ చదివేది, తల్లి పైన మిషను తొక్కేది. తప్పు చదివితే మిషను ఆగేది. అరుపు లేదు, బెత్తం లేదు. మిషను ఆగిందంటే చాలు, పిల్ల గతుక్కుమని మళ్ళీ చూసుకునేది.

లెక్కలకి బొత్తాల డబ్బా, రాతకి నల్లటి లైనింగు గుడ్డ మీద టైలరు సుద్ద. కొలతలకి మెడలో టేపు ఉండనే ఉంది. ఆ టేపు పాతది. చివరి ఇత్తడిముక్కతో పాటు మొదటి అంగుళం ఎప్పుడో ఊడిపోయింది, ఒకటి అంకె దగ్గర మొదలవుతుంది. ఏం కొలిచినా వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేసి రాసుకోవడం టైలరమ్మకి ఊపిరి తీసినంత అలవాటు.

"ఎంతొచ్చిందే?"

"పదిహేను."

"ఒకటి తీసెయ్."

"పద్నాలుగు!"

అలా ఇంట్లో తలుపులు, కుర్చీలు, నిద్రపోతున్న తండ్రి పాదాలు, అన్నీ కొలతకొచ్చాయి.

ఓపిక కరిగిపోయే రోజులు ఉండేవి. గుణింతం దగ్గర పిల్ల నెల్లాళ్ళు ఆగిపోయింది. అలాంటప్పుడు టైలరమ్మ సొరుగు లాగి అట్ట చూసుకునేది. పుండు మీద తానే కారం చల్లుకునేది. మంట పుట్టేది, మంటతో పాటు ఓపికా పుట్టేది. మళ్ళీ కాజా తీసి మొదటి గీత దగ్గర పెట్టేది.

మొదట్లో బొత్తాం రోజూ అడిగేది. "అమ్మా, నా బహుమతి గోడకి తగిలిద్దామా?" తగిలిద్దాంలే అని తల్లి దాటేసేది. వానలు మొదలైన రోజుల్లో ఎందుకో అడగడం మానేసింది. మర్చిపోయింది, అదే మంచిదైందని తల్లి అనుకుంది. బాబిన్ తెమ్మంటే మాత్రం ఎప్పుడూ తనే లేచి సొరుగు తీసి ఇచ్చేది.

చలి మొదలయ్యేసరికి కాజా అక్కర్లేకుండా చదువుతోంది. మందుల చీటీలు, బస్సు బోర్డులు, పాత పేపర్లు, కంటికి ఏది కనిపిస్తే అది. అప్పుడే ఒక ఆదివారం ఆడబిడ్డ వస్తానని కబురు చేసింది. టైలరమ్మ పిల్లని దగ్గరికి తీసుకుంది.

"అత్త చదవమంటే రాదని చెప్పు."

"వచ్చు కదమ్మా!"

"ఆటే. అత్తకి పరీక్ష రోజున చూపిద్దాం."

ఆడబిడ్డ వచ్చింది, టీ తాగింది, సంచీలోంచి పుస్తకం తీసి పిల్ల ముందు పెట్టింది. బొత్తాం తల్లి వైపు ఒకసారి చూసింది. తర్వాత పుస్తకం మూసి, "నాకు చదవడం రాదు అత్తా," అంది. అట్ట మీది మాటలు అక్షరం పొల్లుపోకుండా. టైలరమ్మ ఒక్క క్షణం ఉలిక్కిపడింది. ఆ వెంటనే, ఎంత చక్కగా కుదిరిందోనని లోపల్లోపల మురిసిపోయింది. వదిన తమ్ముడి వైపు చూసి జాలిగా నిట్టూర్చి వెళ్ళిపోయింది. నిట్టూర్చవమ్మా, నీ నిట్టూర్పులు ఇంకెన్నాళ్ళులే అనుకుంది టైలరమ్మ.

పరీక్ష రోజు వచ్చింది. ఆఫీసరు సన్నగా, పెద్దవయసువాడు. విపరీతమైన జలుబు. చేతిలో రుమాలు, ముందు ఫైలు. పక్కన హెడ్మిస్ట్రెస్. బల్లకి ఇవతల బొత్తాం, దాని వెనక గోడకి ఆనుకుని తల్లి, తల్లి సంచీలో అట్ట.

"ఇది చదువమ్మా," అని ఆఫీసరు రెండో తరగతి పుస్తకం మధ్యలో తెరిచాడు.

బొత్తాం చదివింది. తడబడకుండా, ఒత్తులు మింగకుండా, కామా దగ్గర ఆగి, ఫుల్‌స్టాపు దగ్గర ఊపిరి పీల్చుకుని మరీ చదివింది. హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు సర్దుకుంది. పేజీ తిప్పి తానే ఇంకో పాఠం చూపించింది. అదీ చదివింది. టైలరమ్మకి గాల్లో తేలుతున్నట్టుంది.

ఆఫీసరు స్కేలు, పెన్సిలు ముందుకి తోశాడు. "పెన్సిలు ఎన్ని అంగుళాలుందో చెప్పు."

పిల్ల జాగ్రత్తగా ఆనించి చూసింది. "ఆరండీ."

"సరిగ్గా చూడు."

"ఆరే." పుస్తకం కొలవమంటే ఎనిమిది అంది. అది తొమ్మిది.

హెడ్మిస్ట్రెస్ మొహం వెలిగింది. "చూశారా సార్! చదవడం ఎలాగోలా నేర్పారు. లెక్క పునాదే లేదు. ఈ ఏడాది నా దగ్గర కూర్చోబెడితే నేను దార్లో పెడతాను."

టైలరమ్మ సంచీని గట్టిగా పట్టుకుంది. మళ్ళీ అదే బెంచీ. ఆఫీసరు మాత్రం కలం తియ్యలేదు.

"ఆరు ఎలా వచ్చిందమ్మా?"

"ఏడు దగ్గర ఆగిందండీ. ఒకటి తీసేశాను."

"ఎందుకు తీసెయ్యాలి?"

"మొదటి అంగుళం ఉండదు కదండీ."

ఆయనకి బోధపడలేదు. టైలరమ్మ మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాని మొదలు పట్టుకుని చూశాడు, పిల్లని చూశాడు, నవ్వబోయి మూడుసార్లు తుమ్మాడు. "మరి ఈ స్కేలుకి మొదటి అంగుళం ఉందో లేదో చూడు తల్లీ."

బొత్తాం స్కేలుని ముక్కుదాకా తెచ్చుకుని చూసింది. "ఉందండీ."

"అయితే?"

"ఏడు. అది తొమ్మిది."

ఆయన ఫైల్లో సంతకం పెట్టేశాడు. "రెండో తరగతి పాసు. ఇంట్లోనే చదువుకోవచ్చు. టేపు మాత్రం మార్చండమ్మా."

అక్కడితో వచ్చెయ్యవలసింది. పిల్ల గెలిచింది, బెంచీ తప్పింది, వదిన కళ్ళు నేల చూస్తున్నాయి. కానీ ఏడాది పాటు పెంచుకున్న పగ సంతకంతో చల్లారుతుందా? టైలరమ్మ సంచీలో చెయ్యి పెట్టింది.

"ఒక్క నిమిషమండీ. ఇంకొక్కటి చదివిస్తాను."

అట్ట బల్ల మీద పడింది, ఎర్ర దారంతో సహా. బొత్తాం దాన్ని చూసి తల్లి చీరకొంగు పట్టుకుంది.

"ఇది వద్దమ్మా. పుస్తకం చదువుతా. ఎన్ని పేజీలైనా చదువుతా."

"చదువు. గట్టిగా."

బొత్తాం కొంగు వదిలేసింది. "నాకు చదవడం రాదు," అని చదివింది.

ఆఫీసరు రుమాలు పక్కన పెట్టాడు. "ఎవరు రాశారిది?"

"అత్త."

"దారమెందుకు?"

"నా మెళ్ళో కట్టింది. ఇంటిదాకా తియ్యొద్దంది."

ఆయన అట్టని, హెడ్మిస్ట్రెస్ ముందున్న రిజిస్టర్లో గుండ్రటి అక్షరాల్ని మార్చి మార్చి చూశాడు. మూసిన కలం మళ్ళీ తెరిచి, ఇంకో కాగితం తీశాడు. "ఇది నేను పైకి రాయాలి మేడం," అన్నాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి వదిన బతిమాలడం వింది టైలరమ్మ.

"మనలో మనం... ఇంట్లో మాట్లాడుకుందాం మరదలా. తమ్ముడి మొహం చూసైనా..."

టైలరమ్మ అట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "మీ బహుమతి వదినా. ఇంటిదాకా దాచొద్దు, అందరికీ కనబడేట్టు పట్టుకెళ్ళండి."

ఎంత హాయిగా ఉందో చెప్పలేం. ఏడాదిగా గుండెలో దిగిన సూది ఎవరో పీకేసినట్టుంది. మెట్లు దిగుతుంటే మొగుడికి ఏం చెప్పాలోనని కూడా భయం వెయ్యలేదు. వీధి చివర్నుంచే నవ్వుతూ నడిచింది. మందుల షాపతను "పాసా బొత్తాం?" అని కేకేశాడు. బొత్తాం చెయ్యూపలేదు. గోడవార, తల దించుకుని నడుస్తోంది.

"ఏమైందే? గెలిచాంగా! అత్త మొహం చూశావా?" టైలరమ్మ ఆగి పిల్ల గడ్డం పట్టుకుంది. "నీకు అప్పుడు తెలీదులే. అది బహుమతి కాదు. నిన్ను..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"వానలప్పుడు చదివా. బాబిన్ కోసం సొరుగు తీసినప్పుడు. కాజా లేకుండా నేను చదివింది మొదట అదే."

టైలరమ్మ చెయ్యి జారిపోయింది. "మరి నాతో చెప్పలేదేమే?"

"నువ్వే పారేస్తావనుకున్నా," అంది బొత్తాం. "రోజూ సొరుగు తీసి చూసేదాన్ని. రోజూ ఉండేది."