రెండో సాక్షి

లైనింగు గుడ్డ కొనుక్కు రమ్మని మొగుడు డబ్బులు చేతిలో పెట్టిన క్షణానే టైలరమ్మకు అనుమానం తగిలింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఏనాడూ ఆవిడ కుట్టుపని జోలికి రాలేదు. లైనింగుకూ పైగుడ్డకూ తేడా తెలియని మనిషి, ఊరవతల టోకు దుకాణంలో అయితే నాణ్యంగా ఉంటుందట, తొందరేం లేదట, నిదానంగా చూసుకుని రమ్మంటున్నాడు. ఎవరి చెవిలో పువ్వులు పెడదామని?

అసలు నెలరోజులుగా ఆవిడ కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తూనే ఉంది. ఆయనది గడియారాలు బాగుచేసే పని. మొదటి భార్యకు పుట్టిన కూతురు రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తూ, మొగుడితో వేరే కాపురం ఉంటోంది. ఎప్పుడో నెలకోసారి తొంగిచూసే ఆ పిల్ల ఇప్పుడు వారానికి రెండుసార్లు దిగుతోంది. తండ్రీకూతుళ్ళు ముందుగదిలో గుసగుసలాడుకోవడం, ఈవిడ టీ పట్టుకెళ్ళేసరికి ఎండల గురించి మాట్లాడుకోవడం! మొన్న ఆ పిల్ల సంచిలో వకీలు ముద్రున్న కవరు కనబడింది. ఈవిడ చూపు పడగానే సంచి జిప్పు పడింది.

ఇంకేముంది, వీలునామా. ఇల్లు కూతురికి రాసేస్తున్నాడు. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది మరి. వీధివైపు గదిలో, కిటికీ పక్కన ఈవిడ మెషీను. రవికల కొలతల దగ్గర్నుంచి స్కూలు పిల్లల యూనిఫారాల దాకా, వచ్చేవాళ్ళందరికీ ఆ కిటికీయే గుర్తు. రేపు ఆయన పోయాక ఆ పిల్ల వచ్చి "పిన్నీ, ఇక సర్దుకో" అంటే, యాభై ఐదేళ్ళ వయసులో మెషీను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాలి?

నిజం చెప్పొద్దూ, అడిగితే ఆయన చెప్పేవాడే. ఈవిడ చెప్పనిస్తేగా! ఓసారి ఆయన "నా తర్వాత..." అని మొదలుపెట్టాడో లేదో, అవేం పాడుమాటలని విరుచుకుపడి రెండ్రోజులు మాట్లాడటం మానేసింది. మళ్ళీ ఆయన ఆ ఊసెత్తితే ఒట్టు.

సరే, ఆవేళ టైలరమ్మ సంచి తీసుకుని బయల్దేరింది. సందు మలుపు దాకా వెళ్ళి, బ్రెడ్డు దుకాణం పక్కన పావుగంట నిలబడి, పిల్లిలా వెనక్కి వచ్చింది. ముందుగదిలో బల్లమీద కాగితాలు పరిచి ఉన్నాయి. బల్లకు అటు మొగుడు, ఇటు మందుల షాపాయన. ఈవిణ్ణి చూడగానే మొగుడి రెండు చేతులూ కాగితాల మీద పడ్డాయి.

మందుల షాపాయనకు దాపరికం తెలియదు. సాక్షి సంతకాల పనమ్మా, నాది అయిపోయింది, ఇంకొకటి కావాలి, పైవాటా మేష్టారు ఇంట్లో లేకపోతే ఆయన కోసం మీ అమ్మాయి లైబ్రరీకి పరిగెత్తింది, అవతల నా షాపు మూసేసి ఉంది అని గడగడా చెప్పేశాడు.

"మేష్టారెందుకు? నేను పెడతాను" అంది టైలరమ్మ.

"వద్దోయ్. నిన్ను దీంట్లోకి రానివ్వద్దని వకీలు మరీ మరీ చెప్పాడు."

"ఎందుకట?"

ఆయన నీళ్ళు నమిలాడు. వకీలు కారణం చెప్పకపోలేదు. కానీ చీమ కన్నంత గడియారపు మరల లెక్క కూడా తప్పని ఆ మనిషికి కోర్టు మాటలు ఈ చెవిన దూరి ఆ చెవినుంచి వెళ్ళిపోతాయి. ఆ తడబాటు ఈవిడకు చాలు. తను ఉండకూడదన్నారంటే తన కొంప ముంచే కాగితమే. తన సంతకం దానిమీద ఉంటే రేపు ఎవరూ తనకు తెలియకుండా ఒక్క అక్షరం మార్చలేరు. ఇంత తెలివి తనకు సమయానికి తట్టినందుకు ఆవిడకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది.

పద్దెనిమిదేళ్ళలో ఆయన ఈవిడతో వాదించి నెగ్గింది లేదు. ఆరోజూ నెగ్గలేదు. తన సంతకం ఇదేనని వేలుపెట్టి చూపించి, మిగతాదంతా అరచేత్తో కప్పి, కలం ఇచ్చాడు. ఆవిడ కొలతల పుస్తకంలో రాసినట్టే పెద్దపెద్ద అక్షరాలతో సంతకం చేసింది. కూతురు రొప్పుతూ వచ్చి మేష్టారు దొరకలేదంది. పిన్ని పెట్టేసిందిలే అన్నాడాయన. ఆ పిల్ల ఏమీ అనకుండా కాగితాలు కవర్లో పెట్టి అంటించి, సంచిలో వేసుకుంది. ఆ మౌనం కూడా టైలరమ్మ మనసులో రాసుకుంది.

ఆర్నెల్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన కంటికి భూతద్దం ఉండగానే, బల్లమీద తలవాల్చి పోయాడు. టైలరమ్మ గుండె పగిలేలా ఏడ్చింది. ఆ ఏడుపులో కూడా, కవరు ఆ పిల్ల దగ్గరే ఉందన్న సంగతి మరిచిపోలేదు.

వకీలు గదిలో టైలరమ్మా, ఆ పిల్లా పక్కపక్కనే కూర్చున్నారు. వకీలు కవరు చింపి చదివాడు. ఇల్లు పూర్తిగా భార్యకు. గడియారాల దుకాణం, మిగిలినవన్నీ కూతురికి.

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. పోయిన మనిషిని ఎన్ని అనుమానాలు పడింది! కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. వకీలు చివరి పేజీ తిప్పి ఆగిపోయాడు.

"ఈ రెండో సాక్షి ఎవరమ్మా?"

"నేనేనండీ."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. వీలునామాకు సాక్షిగా ఉన్నవాళ్ళకు అందులో ఏం రాసినా చెల్లదని, అందుకే ఆవిణ్ణి ఆ ఛాయలకే రానివ్వద్దని చెప్పానని మెల్లగా విడమరిచాడు. కాగితం చెల్లుతుంది. ఆవిడకు రాసిన భాగం మాత్రం చెల్లదు. ఇల్లు 'మిగిలినవన్నీ'లోకి పోతుంది. అంటే అమ్మాయికి.

టైలరమ్మ కొంగు దించి పక్కకు తిరిగింది.

"నీకు తెలుసు. తెలిసే ఆరోజు నోరు మూసుకున్నావు" అంది సవతికూతురితో.

"నాకేం తెలుసు పిన్నీ? ఇల్లు కాజేద్దామనుకుంటే మేష్టారి కోసం ఎండలో లైబ్రరీ దాకా ఎందుకు పరిగెడతాను? నిన్ను ఎలాగైనా బయటికి పంపాలని నాన్న అంటే, లైనింగు గుడ్డ పేరు చెప్పమంది నేనే. ఇంకే పనికీ నువ్వు మెషీను వదిలి కదలవు కదా."

తర్వాత ఆ పిల్ల వకీలు వైపు తిరిగి, ఇల్లు పిన్ని పేర మార్చడానికి ఏం రాయాలో రాయండి, నేను సంతకం పెడతానంది. వకీలు గుమాస్తాను పిలిచి కాగితం తెమ్మన్నాడు. ఇద్దరు సాక్షులు కావాలన్నాడు.

టైలరమ్మ లేచి నిలబడింది. ఈ కాగితానికి మీరున్నా ఇబ్బంది లేదమ్మా, కూర్చోండని వకీలు చెప్పాడు. ఆవిడ వినలేదు. చెప్పులేసుకుని వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

తలుపు ఓరగా ఉంది. లోపల గొంతులు తగ్గాయి. ఏం మాట్లాడుకుంటున్నారు? నిజంగా తన పేరే రాస్తున్నారా? తన ముందు ఒక మాటా, తను లేచొచ్చాక ఇంకో మాటా కాదు కదా? చెవులు వాటంతటవే రిక్కించుకున్నాయి. మెడ తలుపు వైపు తిరిగింది.

ఆవిడ చెయ్యి చాచి తలుపు పూర్తిగా మూసేసింది.