మెట్టతామరకు క్షవరం

చిక్కుడు పూత మీదున్నప్పుడు టైల్స్ ఫ్యాక్టరీ బట్టీని మూడు వారాలు ఆపాలి. ఊరంతటికీ వదినైన చిక్కుడు చేనావిడ అడిగింది అంతే. రెండేళ్లుగా బట్టీ పొగకు ఆకుల అంచులు మాడి, పూత రాలి, పాదుకు పది కాయలు నిలవడం గగనమైపోయింది. ఈ ఏడు కూడా ఇంతే అయితే చేను వదులుకోవాల్సిందే.

అర్జీల మీద అర్జీలు పెట్టగా పెట్టగా ఓ తనిఖీ అధికారి దిగాడు. ఫ్యాక్టరీ మేనేజరు ఆయన్ను చేనికి రానివ్వకుండా ముందు తన గేటు తోటకు లాక్కుపోయాడు. ఆ మేనేజరుకు నోరు తప్ప మరో అవయవం పనిచేయగా చూసినవాళ్లు లేరు. పొగగొట్టం కిందున్న మెట్టతామరలే పచ్చగా ఉన్నాయి కదా, పొగ ఆవిడ చేను వైపే రాదు, ఎత్తున పోతుంది, సాగు చేతకాక మా మీద పడుతోందని ఊదరగొట్టాడు. తనిఖీ అధికారి తల ఊపాడు. ఆయన అందుకే పుట్టినట్టున్నాడు. కలం మూత కూడా తీశాడు.

వెంటే వచ్చిన వదిన మొక్కల దగ్గరికి వెళ్లి చూసింది. పచ్చగానే ఉన్నాయి, కాని ఏ ఆకుకీ కొస లేదు. అంచులన్నీ కత్తెరతో కోసేశారు. పక్కనే నీళ్లగొట్టం పట్టుకుని నిలబడ్డ తోటమాలి, ఆమె సొంత మరిది, కాళ్ల వంక చూసుకుంటున్నాడు.

ఆమెకు పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. గేటు తోటలో ఏ చెత్త పోగైనా వదిన ఎరువు గుంతకు చేర్చడం మరిదికి పదేళ్ల అలవాటు. ఇవాళా ఓ సంచీ తెచ్చి పెరట్లో పడేసి వెళ్లాడు. మాయం చేయమన్న సాక్ష్యాన్ని, ఆ మహానుభావుడు తిన్నగా ఫిర్యాదు పెట్టినావిడ ఇంటికే మోసుకొచ్చాడన్నమాట. ఆమెకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

ఇల్లు వీధి చివరే. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చి, సంచీని మేనేజరు మెరిసే బూట్ల మీద గుమ్మరించింది. అన్నీ మాడిన కొసలే. ఒకటి ఏరి మొండి ఆకుకు ఆనిస్తే అతికినట్టు సరిపోయింది. దాని పక్కన, చూపించడానికి తెచ్చుకున్న తన చిక్కుడాకు పెట్టింది. అదే మాడు, అదే అంచున.

"మెట్టతామరలకు క్షవరం చేయించారు, బాగుంది. ఆ కత్తెర నా చేనుకెప్పుడు పంపుతారండీ?"

తనిఖీ అధికారి తల ఊపడం మరిచిపోయి, పూత రోజుల్లో బట్టీ ఆపాలని రాయసాగాడు. మేనేజరు మొహం కందగడ్డయింది.

"ఈ సంచీ నీకెవరిచ్చారు?"

మరిది అటు తిరిగి, తడిపిన మొక్కకే మళ్లీ నీళ్లు పట్టసాగాడు. వెన్నెముక లేనివాడే, అయినా ఇంటివాడు. అతని పిల్లల మొహాలు ఆమె కళ్ల ముందు మెదిలాయి.

"ఒకరివ్వాలా? గాలికి కొట్టుకొచ్చింది," అంది వదిన. "మీ పొగ రాదంటారే, ఆ దారినే."