చల్లారిన ఇస్త్రీపెట్టె

ఆ కుట్టు దుకాణంలో పెద్దకోడలి మాటకి తిరుగులేదు. రెండో అంతస్తులో ఒక గది, రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, ఒక ఇస్త్రీపెట్టె, ఇద్దరు తోటికోడళ్ళు. చిన్నామె ఏది కుట్టి ఇచ్చినా పెద్దామె దాన్ని తిరగేసి, కుట్టు లాగి చూసి, "విప్పు, మళ్ళీ కుట్టు" అనేది. ముక్కుమీద కోపం ఆవిడది. చిన్నామేమో నోట్లో నాలుక లేని మనిషి. కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచీ విప్పుతూనే ఉంది, కుడుతూనే ఉంది, లోలోపల గొణుక్కుంటూనే ఉంది.

ఆ రోజు సాయంత్రానికి ఒక హోటలు వాళ్ళ యూనిఫారాలు ఇచ్చెయ్యాలి. మగవాళ్ళిద్దరూ గుడ్డలు తేవడానికి పొరుగూరు వెళ్ళారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దామె నోట్లోంచి గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది. పని చేస్తున్నంతసేపూ పెదాల మధ్య సూదులు పెట్టుకుని, వాటి సందుల్లోంచే తిట్టగల మనిషి. అలాంటిది సూదులు తీసేసి దవడ నొక్కుకుంది. పొద్దస్తమానం సూదులు కరుచుకుంటే దవడ లాగదా మరి, అని తనే సర్దిచెప్పుకుంది.

కాసేపటికి వీపు పట్టేసిందంది. మిషను తొక్కేవాళ్ళకి వీపునొప్పి కొత్తా? ఆ దుకాణంలో దానికి ఒకటే మందు. చిన్నామె గుడ్డని నాలుగు మడతలు పెట్టి, ఇస్త్రీపెట్టెతో వేడిచేసి, వీపున కాపడం పెట్టింది. మామూలుగా రెండు కాపడాలకే "చాల్లే, పోయి పని చూసుకో" అనే మనిషి ఈసారి కళ్ళు మూసుకుని కూర్చుండిపోయింది. నొప్పి కదల్లేదు. చిన్నామె ఇస్త్రీపెట్టె తీగ పీకేసి మిషను ముందు కూర్చుంది గానీ, మనసు కుట్టు మీద నిలవలేదు.

కొంతసేపయ్యాక పెద్దామె లేచి బల్ల దగ్గరికి నడిచింది. ఆ కాస్త దూరానికే ఆయాసం. తేన్పు వచ్చినట్టే వచ్చి ఆగిపోతోందని విసుక్కుంది. నుదుటి మీదా, పై పెదవి మీదా చెమట పట్టింది. దిక్కుమాలిన ఇస్త్రీపెట్టె గదంతా కొలిమి చేస్తోందని తిట్టింది.

చిన్నామె అటు చూసింది. తీగ నేల మీద పడి ఉంది. వెళ్ళి ఇస్త్రీపెట్టె అడుగున అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పెద్దామె చెయ్యి పట్టుకుంటే అదీ చల్లగా, తడిగా తగిలింది.

చిన్నామెకి పైప్రాణాలు పైనే పోయాయి. దవడకి సూదులు, వీపుకి మిషను, చెమటకి ఇస్త్రీపెట్టె. ఒక్కోదానికీ ఒక్కో సాకు దొరికింది, సరే. అన్నీ కూడబలుక్కున్నట్టు ఇవాళే ఎందుకొచ్చాయి? ఆమధ్య కొలతలివ్వడానికొచ్చిన ఒక నర్సు చెప్పిన మాట గుర్తొచ్చింది. గుండెపోటంటే ఎప్పుడూ గుండె పట్టుకుని కూలిపోవడమే కాదట. ముఖ్యంగా ఆడవాళ్ళకి దవడ లాగడం, వీపునొప్పి, ఆయాసం, చల్లటి చెమట, ఇలా కూడా వస్తుందట. అప్పుడు పెద్దామె, కదలకుండా నిలబడమ్మా కొలత తప్పుతోంది, అని ఆ నర్సు నోరు మూయించింది.

"అక్కా, ఇది గుండెపోటేమో. అంబులెన్సు పిలుస్తున్నాను."

పెద్దామె ఒంటికాలి మీద లేచింది. గ్యాసు పట్టేస్తే గుండెపోటంటావా, వీధంతా నవ్వుతుంది అంది. కిందికెళ్ళి మాత్ర తెచ్చుకుంటానంది. అంతగా అయితే మీ బావగారు వచ్చాక చూద్దామంది. చెప్పులేసుకుని బయల్దేరింది కూడా. చిన్నామె వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ మనిషికి ఎదురు నిలవడం ఇదే మొదలు.

"తప్పుకో."

"తప్పుకోను. నువ్వు మెట్లు దిగడానికి వీల్లేదు. కూర్చో."

పెద్దామె చెయ్యెత్తింది. కొడుతుందనే అనుకుంది చిన్నామె. ఆ చెయ్యి వచ్చి భుజాన్ని ఊతంగా పట్టుకుంది.

"నాకు భయంగా ఉందే" అంది పెద్దామె.

చిన్నామె ఆమెని గోడకి చేర్చి కూర్చోబెట్టి, మెడ దగ్గర గుండీలు వదులు చేసి, ఫోను చేసింది. అవతలి మనిషి ఆస్పిరిన్ ఉందా, అది పడకపోవడం లాంటిదేమైనా ఉందా, ఎక్కడైనా రక్తం పోతోందా అని అడిగి, తలనొప్పికని సొరుగులో ఉంచుకున్న బిళ్ళని నమిలించమన్నాడు; నమిలించింది. నడవనివ్వొద్దు, ఒంటరిగా వదలొద్దు, ఊపిరి ఆగితే వెంటనే చెప్పు అన్నాడు. ఆ చివరి మాట విన్నాక చిన్నామె, పెద్దామె ఛాతీ లేస్తోందా లేదా అని రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది. విప్పు, మళ్ళీ కుట్టు అన్నప్పుడల్లా లోపల తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అంబులెన్సు వాళ్ళు వచ్చారు. ఛాతీకి వైర్లు అంటించడానికి పెద్దామె తొడుక్కున్న పొడుగు చొక్కాకి కత్తెర పెట్టబోయారు. ఆవిడ కళ్ళు తెరిచి, కుట్టు మీద కత్తిరించమను అని గొణిగింది. చిన్నామే కత్తెర అందుకుని పక్క కుట్టు వెంబడి సర్రున కోసింది.

ఆసుపత్రిలో మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. రాత్రంతా వరండా బెంచీ మీద కూర్చుని, చేతులు వేరే పనికి లొంగక, చిన్నామె ఆ చొక్కానే చేత్తో కుట్టింది.

మర్నాడు దాన్ని పెద్దామె చేతిలో పెట్టింది. ఆవిడ నీరసంగానే తిరగేసింది. కుట్టు లాగి చూసింది.

"వంకర పోయింది. విప్పు, మళ్ళీ కుట్టు."

ఆ మాట మళ్ళీ వినబడినందుకు చిన్నామెకి దుఃఖం ఆగలేదు. వెక్కి వెక్కి ఏడుస్తూ, "విప్పుతానక్కా, ఎన్నిసార్లంటే అన్నిసార్లు విప్పుతాను" అంది.

గుడ్డ తడుస్తోంది, ఏడవకు అంది పెద్దామె. చొక్కా పక్కన పెట్టింది గానీ, చిన్నామె చెయ్యి మాత్రం వదల్లేదు.