గేటు లేని రోజు

జారిన గాజులను మోచేతి మీదకు ఎగదోసి, దాలమ్మ నెత్తళ్ల పులుసు దించింది. ఇచ్ఛాపురం దాటాక, ఒడిశా సరిహద్దులో పన్నుల చెక్‌పోస్టు ఎదురుగా ఆమె తాటాకు పాక. కాగితాలు చూపించడానికి లారీలు బారులు తీరేవి, డ్రైవర్లు ఆకలితో దిగేవారు. మొగుణ్ని సముద్రం తీసుకుపోయాక ఇద్దరు కూతుళ్లను ఆ బారుల మీదే పెంచింది. అమ్మకం పన్ను పోయి వ్యాట్ వచ్చినా బారు తగ్గలేదు. ఈవేళ జీఎస్టీ వచ్చింది. అడ్డకర్ర ఆకాశం కేసి నిలబడింది, లారీలు ఆగకుండా దూసుకుపోతున్నాయి.

ఇన్నాళ్లూ ఆ గేటు ఎత్తి దించిన గోపి సంచీతో వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం బస్సుకు టెక్కలి వెళ్లి అక్కడి ఆఫీసులో చేరాలి.

“ఏటిరా గోపీ, పన్ను ఎత్తేసినారా?”

“పన్నెందుకు ఎత్తేస్తారప్పా? గేటే ఎత్తేసినారు. ఇప్పుడంతా కంప్యూటర్లోనే. నీ సీరే సూడు. నూలు అమ్మినోడు కొంత కడతాడు. నేసినోడు తను పెంచిన ధర మీదే కడతాడు. కొట్టోడూ అంతే.”

“మరి నాను?”

“ఆళ్లు కట్టిందంతా సివరికి నీ దగ్గరే రాబట్టుకుంటారు.”

దాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. “బాగుందిరోయ్! కట్టుకునేదీ నానే, కట్టేదీ నానే!”

నవ్వు ఆగాక మూత తియ్యని అన్నం గుండిగ కంటపడింది. పొయ్యి ఆర్పేద్దామని నీళ్ల చెంబు అందుకుంది. అంతలో గాలి పాక మీంచి రోడ్డు వైపు వీచింది. చెంబు పక్కన పెట్టి, పెనం ఎక్కించి, కారం పట్టించిన ఎండుచేప ముక్కలు నూనెలో పరిచింది. విసనకర్రతో పొగను రోడ్డు మీదకు తోసింది.

“ఓలప్పా, లోకమంతా దగ్గుతాది!” గోపి కళ్లు తుడుచుకున్నాడు.

“దగ్గనీ. గేటు ఆపకపోతే నానాపుతాను.”

లారీలు రెండు మూడు వెళ్లిపోయాయి. తర్వాతది కాస్త ముందుకెళ్లి, కీచుమని ఆగి, వెనక్కి వచ్చింది. నెల్లిమర్ల నుంచి గోనెసంచులు తోలే హరిబాబు కిందికి దూకాడు.

“ఆగకుండా పోదామనుకున్నానప్పా. ముక్కు ఒప్పుకోలేదు. ఎయ్యి అన్నం!”

అతని లారీని చూసి వెనకవాడూ ఆగాడు. మునుపు వచ్చేవాళ్లలో సగం మంది కూడా రాలేదు గానీ, గుండిగ అడుగు కనిపించింది. దాలమ్మకు చెమట తుడుచుకునే తీరిక లేదు.

ఆ సందడిలో “ఎల్తన్నానప్పా” అన్న మాట చెవిన పడేసరికి గోపి బస్సు మెట్టు మీద ఉన్నాడు. గరిటె పట్టుకున్న చెయ్యే ఊపింది. “తిండి మానీకురా!”

డ్రైవర్లు వెళ్లాక బల్ల కింద ఊడవబోతే చీపురుకు పాత రబ్బరు చెప్పులు తగిలాయి. గోపి కొత్త ఆఫీసుకు బూట్లు తొడుక్కుని వెళ్లినట్టున్నాడు. దాలమ్మ వాటిని కదపకుండా చుట్టూ ఊడ్చింది. గేటు తాడు లాగినప్పుడల్లా బరువు మోపిన కుడి చెప్పు, మడమ దగ్గర కాగితంలా పల్చబడి ఉంది.